మేడ మీద పోర్షన్ల గురించి నాన్నగారికి

క్వీన్స్, న్యూయార్క్
2026 ఫిబ్రవరి 8, ఆదివారం

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. చలి మాత్రం ఈసారి ఎముకలు కొరికేస్తోంది. చిన్నాడికి దగ్గు తగ్గింది, మళ్లీ స్కూలుకి వెళ్తున్నాడు.

వీడియో కాల్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఈ ఉత్తరం ఎందుకంటారేమో. ఫోన్‌లో చెబితే "చూద్దాంలేమ్మా" అని ఫోన్ అమ్మకిచ్చేస్తారు. కాగితం మీద ఉంటే కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుతారని నా ఆశ.

మీరు వాట్సాప్‌లో పెట్టిన ప్లాన్ మేమిద్దరం కూర్చుని చూశాం. మేడ మీద మూడు పోర్షన్లు రావడం బాగుంది. రిటైరయ్యాక అద్దెలు వస్తే మీకూ ధీమాగా ఉంటుంది. కానీ నడిమి పోర్షన్‌లో రెండో బెడ్‌రూముకి బయటికి కిటికీ లేదు. బాల్కనీలన్నిటికీ పైనుంచి కింద దాకా గ్రిల్ గీశారు. మెట్ల కింద కరెంటు మీటర్లు, వాటి పక్కనే బళ్లకి ఛార్జింగ్ పాయింట్లు ఉన్నాయి. బాత్రూముల్లో గ్యాస్ గీజర్లు పెట్టిద్దామని మేస్త్రీ అంటున్నాడని అమ్మ చెప్పింది. ఇవి చూసినప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. ఇల్లు కట్టించడం మీకు తెలిసినంత నాకు తెలీదు. అద్దె ఇంట్లో పిల్లాడిని పెట్టుకుని పడుకోవడం ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలుసు, ఆ సంగతే రాస్తున్నాను.

మొన్న జనవరిలో మా బిల్డింగులో బాయిలర్ ఆగిపోయింది. ఇక్కడ హీటర్ ఎవరింట్లో వాళ్లకి విడిగా ఉండదు. కింద ఒక బాయిలర్ ఉంటుంది, అందులోంచి అన్ని వాటాలకీ వేడి రావాలి. అది ఓనర్ బాధ్యత. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, పగలు బయట 55 ఫారెన్‌హీట్ డిగ్రీల కంటే తగ్గితే ఇంట్లో కనీసం 68 ఉండాలి. మన లెక్కలో 20 డిగ్రీలు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట ఎలా ఉన్నా ఇంట్లో 62కి తగ్గకూడదు. మా ఓనర్ చెడ్డవాడేం కాదు, "పార్టు రావాలి, రేపు చూస్తా" అంటూ వచ్చాడు. చలి రేపటి దాకా ఆగదు కదా. పై వాటాలో ఉండే బంగ్లాదేశ్ ఆంటీ గ్యాస్ ఓవెన్ వెలిగించి, తలుపు తెరిచిపెట్టి, దాని ముందు మనవరాళ్లని కూర్చోబెట్టింది. అది చూసి నాకు గుండె ఆగినంత పనైంది. మంట సంగతి అటుంచండి, గ్యాస్ మండేటప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన కూడా ఉండదు.

అప్పుడే 311కి ఫోన్ చేశాను. ఇక్కడ ఊరికి సంబంధించిన ఏ ఫిర్యాదుకైనా అదే నంబరు. సిటీ హౌసింగ్ శాఖ ఇన్‌స్పెక్టర్ థర్మామీటర్ పట్టుకొచ్చి ఒక్కో గదిలో చూసి రాసుకున్నాడు. తప్పులకి ఎ, బి, సి అని మూడు తరగతులు పెట్టారు. 'సి' అంటే ప్రాణం మీదికొచ్చేది. వేడి రాకపోవడం, వేడినీళ్లు రాకపోవడం అందులోకే వస్తాయి, ఒక్క రోజులో బాగుచెయ్యాలి. నోటీసు పడ్డాక ఎక్కడా దొరకని పార్టు ఎక్కడినుంచి వచ్చిందో మర్నాటికల్లా వచ్చేసింది.

"పాపం, ఓనర్‌ని ఇబ్బంది పెట్టావు" అని మీరు అనుకుంటారని తెలుసు. మీరు ఎప్పుడూ ఓనర్ వైపే! కానీ ఆంటీ ఓవెన్ ఎందుకు వెలిగించిందో ఒక్కసారి ఆలోచించండి. ఓనర్ చేయాల్సింది చేయకపోతే అద్దెకున్నవాళ్లు తమకి తోచింది చేసుకుంటారు, ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

2022 జనవరి 9న ఇక్కడే, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో జరిగింది అదే. 19 అంతస్తుల బిల్డింగులో ఒక వాటాలో చలికి ఎలక్ట్రిక్ హీటర్ పెట్టుకున్నారు, దాన్నుంచి మంట పుట్టింది. ఆ మంట పెద్దగా పాకలేదు. ఆ వాటాలోంచి బయటికి పరిగెత్తినవాళ్ల వెనక తలుపు దానంతటది మూసుకోవాలి, మూసుకోలేదు. పై అంతస్తులో మెట్ల దగ్గర ఇంకో తలుపూ తెరిచే ఉండిపోయింది. పొగంతా మెట్లలోకి ఎక్కింది. 17 మంది పోయారు, వాళ్లలో 8 మంది పిల్లలు. చాలామంది ఆఫ్రికాలోని గాంబియా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవాళ్లు. తలుపు దానంతటది మూసుకునేలా ఉండాలన్న రూలు అప్పటికే ఉంది. రూలు ఉన్నంత మాత్రాన తలుపు మూసుకోదు, దానికి స్ప్రింగు ఉండాలి, ఆ స్ప్రింగు పనిచేస్తోందో లేదో చూసేవాడు ఉండాలి.

అమెరికాలో ఆకాశహర్మ్యాల సంగతి, మన రెండంతస్తుల మేడకేమిటి అంటారు. సరే, హైదరాబాద్ గుల్జార్ హౌజ్ చూడండి. 2025 మే 18, ఆదివారం పొద్దున్నే నిప్పంటుకుంది. కింద నగల దుకాణాలు, పైన తరాలుగా ఉంటున్న కుటుంబం, సెలవులకి వచ్చిన పిల్లలు. అక్కడా 17 మంది, అక్కడా వాళ్లలో 8 మంది పిల్లలు. లోపలికి సొరంగంలాంటి సన్నని దారి ఒక్కటే, మెట్లు మీటరు వెడల్పు. వాళ్లనీ పొగే మింగింది. ఆ ఇల్లేమీ పెద్ద టవరు కాదు నాన్నగారూ.

గ్రిల్ మాట అందుకే ముందు ఎత్తుతున్నాను. మనవైపు దొంగల భయం నిజమే, కోతుల బెడదా నిజమే. ఇక్కడా కిటికీలకి కడ్డీలు ఉంటాయి. మూడు వాటాలు, ఆ పైన ఉన్న బిల్డింగుల్లో పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలుంటే కిటికీలకి కడ్డీలు పెట్టించాల్సింది ఓనరే. ఇది 1976 నుంచీ ఉంది. ఏటా జనవరిలో ఓనర్ ఒక ఫారం పంపుతాడు, పిల్లలున్నారా అని. ఫిబ్రవరి 15లోగా నింపి ఇవ్వాలి. మాది నిన్ననే నింపాను, ఫ్రిజ్ మీద పెట్టుంది. కడ్డీల మధ్య నాలుగున్నర అంగుళాలకి మించి సందు ఉండకూడదు. ఇంతా చేసి, నిప్పంటుకుంటే దిగడానికి బిల్డింగు బయట ఉండే ఫైర్ ఎస్కేప్ మెట్ల మీదికి తెరుచుకునే కిటికీకి మాత్రం ఆ కడ్డీలు పెట్టరు. పిల్లాడు జారకూడదు, అవసరమైతే అందరూ బయటపడాలి, రెండూ ఆలోచించి రాశారు. మన గ్రిల్‌లో మొదటిది ఉంది, రెండోది లేదు. ఒక్కో బాల్కనీ గ్రిల్‌లో మనిషి పట్టేంత తలుపు పెట్టించండి. దానికి లోపలి వైపు గడియ చాలు. తాళం వెయ్యాల్సిందే అంటే తాళంచెవి ఆ పక్కనే మేకుకి వేలాడాలి, దేవుడి గూట్లో కాదు.

ఇక కిటికీ లేని గది. మేస్త్రీ "డక్ట్ వదుల్తాం, దాంట్లోకి వెంటిలేటర్ పెడదాం" అన్నాడట. సరిగ్గా ఇదే పని న్యూయార్క్‌లో 1879లో చేశారు. పేదవాళ్ల అద్దె ఇళ్లలో గదికో కిటికీ ఉండాలని చట్టం వస్తే, ఓనర్లు రెండు బిల్డింగుల మధ్య సన్నటి గాలి సందు వదిలి కిటికీలు దాంట్లోకి తెరిచారు. అందులోకి వెలుతురు రాలేదు. జనం చెత్త పారేశారు. నిప్పంటుకుంటే ఆ సందే పొగగొట్టమై మంటని పై అంతస్తులకి మోసింది. చివరికి 1901లో ఇంకో చట్టం చేసి, కొత్త ఇళ్లలో వెడల్పాటి ఖాళీ వదిలి తీరాలన్నారు. నూటపాతికేళ్ల కిందట వీళ్లు తీసిపారేసినదాన్ని మనం డబ్బులిచ్చి కట్టించుకోవడం ఎందుకు? ఆ గదిని స్టోరుగా ఉంచి, సింగిల్ బెడ్‌రూం పోర్షన్ అని ఇవ్వండి. నెలకి రెండు మూడు వేలు తగ్గుతుంది, తగ్గనివ్వండి.

మెట్ల కింద ఛార్జింగ్ గురించి మీకు ఎక్కువ చెప్పక్కర్లేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో బెడ్‌రూములో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఇంటాయన పోయాడు. ఇక్కడ డెలివరీ కుర్రాళ్లంతా ఎలక్ట్రిక్ సైకిళ్ల మీదే తిరుగుతారు, రాత్రిళ్లు బ్యాటరీలు గదుల్లో ఛార్జింగ్ పెడతారు. 2023 ఒక్క ఏడాదిలో ఈ బ్యాటరీ మంటల్లో న్యూయార్క్‌లో 18 మంది చనిపోయారు. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి భద్రతా పరీక్ష పాసైన బ్యాటరీలే అమ్మాలని చట్టం తెచ్చారు. మనింట్లో పైవాళ్లు దిగడానికి ఉన్నవి ఆ మెట్లే. వాటి కింద మీటర్లూ బ్యాటరీలూ రెండూ పెడితే, అక్కడ ఏదైనా అంటుకున్నప్పుడు పైవాళ్లు ఎటు దిగాలి? మీటర్లు ముందు గోడకి, ఛార్జింగ్ గేటు పక్కన రేకుల షెడ్డు కిందకి మార్చండి. వైరు ఖర్చు నేను పంపుతాను, కాదనకండి.

గ్యాస్ గీజర్ బాత్రూములో వద్దు, దాన్నుంచీ అదే విషవాయువు వస్తుంది. పెట్టేదుంటే యుటిలిటీ బాల్కనీలో పెట్టి పైపు లోపలికి లాగండి. ఇక్కడ కార్బన్ మోనాక్సైడ్ అలారం ప్రతి పడకగది గుమ్మానికి 15 అడుగుల లోపు ఉండి తీరాలి. మా ఇంట్లోది పోపు పెడితే కూడా అరుస్తుంది, పొగ అలారం కూడా అందులోనే ఉంది మరి. చిన్నాడు దానికి "బామ్మ" అని పేరు పెట్టాడు. అమ్మకి చెప్పకండి.

ఇదంతా చదివి న్యూయార్క్ ఏదో స్వర్గమని అనుకోవద్దు. ఇక్కడ ఏ బిల్డింగు అడ్రసు కొట్టినా దాని మీద ఎన్ని తప్పులు నమోదయ్యాయో సిటీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఇల్లు వెతికేటప్పుడు మేమూ అలాగే చూశాం. చూస్తే ఏళ్ల తరబడి అలా పడి ఉన్నవే కనిపిస్తాయి. మా క్వీన్స్‌లో ఇళ్ల కింద బేస్‌మెంట్లు చాటుమాటుగా అద్దెకిస్తారు. మన పిల్లలు కూడా చదువుకోడానికి వచ్చి, అద్దె తక్కువని వాటిలో సర్దుకుంటారు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఇడా తుపాను వాన గంటలో మూడంగుళాలకి పైగా కొట్టింది. బేస్‌మెంట్లలో ఉన్న 11 మంది నీళ్లలో మునిగి చనిపోయారు. ఎక్కువమంది మా క్వీన్స్‌వాళ్లే. 2024లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో కింది వాటాలవాళ్లు ఎలా మేడలెక్కారో మీరు చూశారుగా. అక్కడ ఎక్కడానికి మెట్లున్నాయి, ఇక్కడ చాలా బేస్‌మెంట్లకి ఉన్న ఒక్క తలుపునీ నీళ్లే మూసేశాయి.

అలా చాటుగా బేస్‌మెంట్ అద్దెకిచ్చే ఇంటి మీద పక్కింటివాళ్లు 311కి చెబుతారు. నిజం చెప్పాలంటే లోపలివాళ్ల ప్రాణాల మీద బెంగతో చెప్పేవాళ్లు తక్కువ. పార్కింగ్ దొరకట్లేదని, చెత్త డబ్బాలు నిండిపోతున్నాయని చెబుతారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఖాళీ చెయ్యమని కాగితం అంటిస్తే, ఓనర్‌కి జరిమానా, అద్దెకున్నవాళ్లు పెట్టెలతో రోడ్డు మీద. అందుకే లోపలున్నవాళ్లు తడిసిన గోడ గురించి కూడా నోరు మెదపరు. ఆ నిశ్శబ్దం నాకు చట్టం లేకపోవడం కంటే భయంగా అనిపిస్తుంది. అందుకే మీరు అద్దెకిచ్చే రోజునే వాళ్లతో "స్విచ్చు దగ్గర మెరుపు కనపడినా, గ్యాసు వాసన వచ్చినా అర్ధరాత్రైనా తలుపు కొట్టండి" అని చెప్పండి. మీరు కాస్త కోపిష్టి అని వీధంతా తెలుసు, అందుకే చెప్పమంటున్నాను.

అడ్వాన్స్ సంగతి కూడా ఒక మాట. ఇక్కడ ఒక్క నెల అద్దెకి మించి తీసుకోకూడదు. ఖాళీ చేశాక 14 రోజుల్లో, ఏది ఎందుకు పట్టుకున్నారో లెక్క రాసి మిగతాది ఇవ్వాలి. 2019 నుంచి అంతే. ఇలా చాలా వాటాలున్న బిల్డింగుల్లో మూడేళ్లకోసారి ఇంటికి రంగు వేయించాల్సిందీ ఓనరే. మనవాళ్లేమో పెయింటింగ్ పేరు చెప్పి ఖాళీ చేసేవాళ్ల దగ్గర ఒక నెల అద్దె కోస్తారు. కింద పోర్షన్‌లో ఉన్న టీచరుగారి దగ్గర మీరూ అలాగే పట్టుకున్నారని అమ్మ చెప్పింది. ఆవిడ ఐదేళ్లున్నారు కదా, ఐదేళ్లకి గోడ మాయడం ఆవిడ తప్పు ఎలా అవుతుంది? ఆ డబ్బు తిరిగి ఇచ్చేస్తే నాకు సంతోషం. ఇంక "మనవాళ్లకే ఇస్తాను, వెజిటేరియన్లకే ఇస్తాను" అనే బోర్డు గురించి వచ్చినప్పుడు ముఖాముఖీ పోట్లాడతాను. మా ఓనర్ కూడా "వీళ్లు మావాళ్లు కారు" అని మమ్మల్ని వద్దనుకుంటే మేమెక్కడ ఉండేవాళ్లమో ఆలోచించండి.

గ్రిల్ వెల్డింగ్ అబ్బాయి కొలతలు తీసుకోడానికి బుధవారం వస్తాడన్నారు కదా. మంగళవారం మీ పొద్దున ఏడింటికి ఫోన్ చేస్తాను, ఇక్కడ మాకు సోమవారం రాత్రి అవుతుంది. ప్లాన్ కాగితం చేతిలో పెట్టుకుని కూర్చోండి, మేస్త్రీ నంబరు కూడా పంపండి. అమ్మ మోకాలికి డాక్టర్ రాసిన బెల్ట్ వాడుతోందో లేదో ఈసారి మీరే నిజం చెప్పండి.

మీ అమ్మాయి,
సుధ