పర్మిట్ ఇవ్వరు, పర్మిట్ లేదని బండి ఎత్తేస్తారు: న్యూయార్క్ మేయర్ గారికి బహిరంగ లేఖ

ఆగస్టు 2023

మేయర్ గారూ, నమస్తే.

మీకు తెలుగు రాదని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను, ఎందుకంటే ఈ సంగతి మీతోపాటు మావాళ్ళూ వినాలి. జాక్సన్ హైట్స్ 74వ వీధికి కూరగాయలకీ పచ్చళ్ళకీ వచ్చే తెలుగువాళ్ళం చాలామందిమి. అక్కడినుంచి 7 నంబరు రైల్లో నాలుగో స్టేషన్ 103వ వీధి, కరోనా ప్లాజా. (ఆ పేరు ఆ జబ్బుకన్నా చాలా పాతది.) మెక్సికో, ఈక్వడార్ లాంటి దేశాలనుంచి వచ్చినవాళ్ళు అక్కడ బండ్లు పెట్టుకుంటారు. మామిడి ముక్కల మీద ఉప్పూ కారం చల్లి నిమ్మకాయ పిండి ఇస్తారు, తింటే మన బడి గేటు దగ్గరి బండే గుర్తొస్తుంది. తమాలె అని ఒకటుంటుంది, మొక్కజొన్న పిండిని కండె పొరల్లో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, పనసాకుల్లో ఉడికే మన కోనసీమ పొట్టిక్కలకి చుట్టమే అనుకోండి.

పోయిన నెలలో మీ సిబ్బంది వచ్చి ఆ ప్లాజా ఖాళీ చేయించారు. కారణం, పర్మిట్లు లేవు.

మరి పర్మిట్ ఎక్కడుంది సార్? ఆహారం అమ్మే బండ్లకి నగరం మొత్తం మీద సుమారు 3,000 పర్మిట్లు చాలని 1983లో గీత గీశారు. బట్టలు, బొమ్మలు లాంటి సరుకు అమ్మేవాళ్ళకైతే, మాజీ సైనికుల్ని పక్కనపెడితే, 853 లైసెన్సులే. నగరం పెరిగింది, గీత మాత్రం ఏళ్ళ తరబడి జరగలేదు. దాంతో రెండేళ్ళకి 200 డాలర్లు కట్టాల్సిన పర్మిట్ దొంగచాటుగా 20,000 డాలర్లకి అద్దెకి తిరుగుతోంది. ఆ డబ్బు ఖజానాకి రాదు, ఎండలో నిలబడినవాడికి మిగలదు, పర్మిట్ పేరున్నవాడు ఇంట్లో కూర్చుని తింటాడు. 2021లో చట్టం మార్చి, ఏడాదికి 445 చొప్పున పదేళ్ళపాటు కొత్తవి ఇస్తామన్నారు, సంతోషమే, కానీ ప్లాజాలో నేను అడిగినవాళ్ళలో ఒక్కరి చేతికీ రాలేదు. లైసెన్స్ లేకుండా అమ్మితే జరిమానా మాత్రం 1,000 డాలర్ల దాకా వెంటనే వస్తుంది. తమాలెలు ఎన్ని అమ్మితే అది తీరుతుందో మీరే లెక్కేయండి.

ప్లాజా ఉన్న రూజ్‌వెల్ట్ ఎవెన్యూ షాపులవాళ్ళ గోడు కూడా నాకు తెలుసు. వాళ్ళలోనూ చాలామంది స్పానిష్ మాట్లాడేవాళ్ళే, అద్దె కడతారు, పన్ను కడతారు, గుమ్మం ముందే బండి నిలబడితే ఎవరికైనా మండుతుంది. కాలిబాట మీద నడిచే చోటు ఉండాలి, చెత్త ఎత్తాలి, కాదనను. అయితే ఎక్కడ ఎన్ని బండ్లు నిలబడాలో గీతలు గీస్తే తీరే పంచాయితీ ఇది, దానికి బతుకుతెరువే ఎత్తేయక్కర్లేదు.

మా దేశంలో 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. చోటు ఎవరికి, ఎక్కడ అని తేల్చే పట్టణ కమిటీల్లో కనీసం 40 శాతం మంది ఆ వ్యాపారులే ఉండాలని అందులో రాశారు, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. అది హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎలా అమలవుతోందని మాత్రం నన్ను అడక్కండి, సిగ్గేస్తుంది. కానీ రాసిన మాట మంచిది. మీరు తీసుకుని మాకన్నా బాగా అమలు చేయండి, ఏమీ అనుకోం.

నేను అడిగేవి పెద్దవేం కాదు. 445 అన్నారుగా, ముందు అవి పూర్తిగా ఇవ్వండి. దరఖాస్తు దగ్గర స్పానిష్‌లో చెప్పే మనిషిని కూర్చోబెట్టండి, మధ్యలో దళారీ లేకుండా. ప్లాజా గురించి మీటింగ్ పెడితే బండివాళ్ళని పిలవండి, వాళ్ళు పొద్దున నాలుగింటికి లేచేవాళ్ళు కాబట్టి కాస్త మధ్యాహ్నం పూట పెట్టండి. పర్మిట్ మీ ఆఫీసులోనే ఆగిపోయి ఉంటే, అది లేదని జరిమానా రాయకండి.

ఇట్లు,
జాక్సన్ హైట్స్ నుంచి ఒక తెలుగువాడు