పిల్లల మాట ఎక్కడిదాకా వెళ్ళాలి?

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గుముఖం పట్టాయని రాశావు, ప్రాణం కుదుటపడింది. మేమంతా కులాసా. ఇక్కడ దాళ్వా నాట్లు మొదలయ్యాయి, కూలీలు దొరక్క నాన్న టెన్షన్ పడుతున్నారు. అది ఏటా ఉండేదేలే.

నువ్వు అడిగిన దాని గురించి ఫోన్‌లో చెబితే సగం చెప్పకుండానే అయిపోతుందని రాస్తున్నాను. జనవరి 12న మీ కాలేజీకి పెద్ద అధికారి ఎవరో వస్తున్నారని, "నిర్ణయాల్లో యువత పాత్ర" మీద పదిమంది పిల్లలతో మాట్లాడించమన్నారని, ఏం చెప్పించాలో తోచడం లేదని కదా నీ బాధ. ముందు ఒక కథ చెబుతాను, విను.

వనువాటు అని ఒక దేశం ఉంది. ఆస్ట్రేలియాకి తూర్పున పసిఫిక్ సముద్రంలో చిన్న చిన్న దీవులు. జనం మొత్తం మూడు లక్షల పైచిలుకు, అంటే మన రాజమండ్రికి అటూ ఇటూగా. రాజధాని పోర్ట్ విలాలో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం వాళ్ళు లా చెబుతారు. చుట్టుపక్కల దీవుల పిల్లలంతా అక్కడికే వచ్చి చదువుకుంటారు. 2015లో పామ్ అనే తుఫాను ఆ దేశాన్ని ఊడ్చిపెట్టేసింది. గాలిలోకి పొగ వదలడంలో ఆ దీవుల వాటా లెక్కలోకి రానంత చిన్నది, దెబ్బ మాత్రం ముందు వాళ్ళకే. 2019లో అక్కడ చదువుతున్న 27 మంది పిల్లలకి ఒక ఆలోచన వచ్చింది. వాతావరణాన్ని పాడుచేస్తున్న దేశాల గురించి చట్టం ఏం చెబుతుందో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగించాలని.

ఆ కోర్టు మెట్లు మామూలు మనిషి ఎక్కలేడురా. కేసు వెయ్యాలంటే దేశమే వెయ్యాలి. సలహాపూర్వక అభిప్రాయం కావాలంటే ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ లాంటి సంస్థ అడగాలి. ఆ సభ అడగాలంటే దేశాలు ఒప్పుకోవాలి. దేశాల్ని ఒప్పించాలంటే ముందు ఏదో ఒక ప్రభుత్వం ఈ పనిని నెత్తికెత్తుకోవాలి. అంతకుముందు 2011లో పలావ్ అనే మరో పసిఫిక్ దీవుల దేశం ఇదే ప్రయత్నం చేసి నెగ్గుకు రాలేకపోయింది. ఈ పిల్లలు ఆ మెట్లన్నీ కిందనుంచి ఒక్కొక్కటిగా లెక్క చూసుకుని, పసిఫిక్ దేశాల నాయకులకి ఉత్తరాలు రాశారు. వనువాటు ప్రభుత్వం ముందుకొచ్చింది. అప్పటి విదేశాంగ మంత్రి రాల్ఫ్ రెగెన్వాను వాళ్ళ మాట విని వదిలెయ్యలేదు, చివరికి హేగ్ దాకా వాళ్ళతోనే ఉన్నారు.

2023 మార్చి మొదట్లో జూడీ, కెవిన్ అని రెండు తుఫాన్లు ఒకదాని వెనక ఒకటి వనువాటు మీద పడ్డాయి. ఇళ్ళ కప్పులు ఎగిరిపోయిన ఆ నెలలోనే, 29వ తేదీన, కోర్టు అభిప్రాయం అడిగే తీర్మానాన్ని సర్వప్రతినిధి సభ ఓటింగ్ అవసరం లేకుండానే ఆమోదించింది. దాన్ని బలపరిచిన దేశాలు 130 పైమాటే. 2024 డిసెంబరులో రెండు వారాలు వాదనలు జరిగాయి. మొదటిరోజే ఆ కోర్టులో లేచి మాట్లాడినవాళ్ళలో సింథియా హౌనియుహి ఉంది. సాలమన్ దీవుల అమ్మాయి, ఆ 27 మందిలో ఒకామె. 2025 జులై 23న 15 మంది న్యాయమూర్తులూ ఒక్క మాట మీద నిలబడ్డారు. వాతావరణాన్ని కాపాడటం దేశాలకి చట్టం పెట్టిన బాధ్యత అని, తప్పితే నష్టపరిహారం దాకా వెళ్ళొచ్చని చెప్పారు. అది అభిప్రాయమే, ఆజ్ఞ కాదు. అయినా రేపు ఏ దేశంలోనైనా కోర్టుకెళ్ళేవాడి చేతిలో గట్టి ఆధారం ఉంది. చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించిందిరా!

అన్నట్టు, ఆ విద్యార్థుల సంఘాన్ని నడిపిస్తున్న విశాల్ ప్రసాద్‌ది ఫిజీ. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి చెరకు తోటల కూలికి మన తెలుగువాళ్ళు కూడా వెళ్ళిన దేశం అది. అక్కడ సముద్రం పైకొస్తే ముంపు వాళ్ళ మునిమనవలకీ తప్పదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, పిల్లల్ని మాట్లాడనిచ్చామా లేదా అన్న దగ్గరే మనం ఆగిపోతున్నాం. మాట్లాడాక ఆ మాట ఎవరి బల్ల మీదికి వెళ్ళింది, దానికి జవాబు చెప్పాల్సింది ఎవరు అని అడగడం లేదు. పైస్థాయిలో కూడా ఇదే తంతు. యువతని శాంతి చర్చల్లో కలుపుకోవాలని భద్రతామండలి 2015లోనే 2250 నంబరు తీర్మానం చేసింది. తర్వాత ఐరాసలో యువజన కార్యాలయం కూడా పెట్టారు. మంచిదే. కానీ ప్రపంచ జనాభాలో సగం మంది ముప్పై ఏళ్ళలోపు వాళ్ళుంటే, దేశదేశాల పార్లమెంటు సభ్యుల్లో ఆ వయసువాళ్ళు నూటికి ముగ్గురు కూడా లేరు.

మన దగ్గర 1989లో ఓటు హక్కు వయసు 21 నుంచి 18కి దిగింది. పోటీ చెయ్యడానికి మాత్రం అసెంబ్లీకైనా లోక్‌సభకైనా 25 నిండాలి. సర్పంచికి 21 చాలు. ఊరిని నడపగలవాడు నియోజకవర్గానికి పనికిరాడా? పార్లమెంటు స్థాయీ సంఘం 2023లో దీన్ని 18కి తగ్గించమంది, ఎన్నికల సంఘం వద్దంది. నన్నడిగితే తగ్గించాలి. గెలిపించాలో వద్దో జనం చూసుకుంటారు.

దాని సంగతి ఢిల్లీలో తేలేలోగా మన చేతిలో గ్రామసభ ఉంది కదా. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే, అది రాజ్యాంగంలోనే రాసి ఉంది. అక్టోబరులో మా ఊళ్ళో సభ జరిగింది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ముందు వరసలో పెద్దలు. కుర్రాళ్ళు రామాలయం అరుగు మీదే ఉండిపోయారు. డిగ్రీ రెండో ఏడు చదివే అమ్మాయి ఒకత్తి నోటుపుస్తకంలో కుళాయిల లెక్క రాసుకొచ్చింది. ఏ వీధికి ఎన్నింటికి నీళ్ళు వదులుతున్నారు, పైపు ఎక్కడ కారుతోంది, కాలనీ చివరి నాలుగిళ్ళకి బిందె నిండటానికి ఎంతసేపు పడుతోంది, అన్నీ గీతలు గీసి మరీ రాసింది. లేచి చదవబోయింది. "బాగా చదువుకుంటున్నావమ్మా, సంతోషం, కూర్చో" అన్నాడు ముందు వరస పెద్దాయన ఒకడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల పుస్తకం మూసేసి కూర్చుంది. ఆఖర్న రిజిస్టరు తిప్పితే తనూ సంతకం పెట్టింది. తీర్మానాల్లో నీళ్ళ ఊసే లేదు. నా మనసు చివుక్కుమంది.

మర్నాడు ఆ అమ్మాయిని, వాళ్ళ నాన్నని వెంటబెట్టుకుని సెక్రటరీ దగ్గరికి వెళ్ళాను. నోటుపుస్తకంలో ఉన్నదంతా అర్జీగా రాయించి, ముట్టినట్టు సంతకం, తేదీ వేయించాం. ఆ వారంలోనే పైపు లీకు కట్టారు. నాలుగిళ్ళ సంగతి ఇంకా తేలలేదు, వదిలేది లేదు.

కాబట్టి శీనూ, మీ పిల్లలకి ఉపన్యాసం వద్దు. పదిమందినీ కూర్చోబెట్టి, వాళ్ళని రోజూ ఇబ్బంది పెట్టే విషయం ఒకటి ఎంచుకోమను. బస్సు టైమా, హాస్టల్ భోజనమా, స్కాలర్‌షిప్ ఆలస్యమా, ఏదైనా సరే. అది ఎవరి చేతిలో ఉందో వాళ్ళనే కనుక్కోమను. ఒక పేజీలో రాసి, ఆ అధికారి వేదిక మీద ఉండగానే చేతికిచ్చి, ఎప్పటిలోగా జవాబిస్తారో అందరి ముందూ అడగమను. నీకు ప్రిన్సిపాల్ దగ్గర మాట రావచ్చు. ఆ మాట నువ్వు పడు. ఆ పిల్లలకి రెగెన్వాను లాంటి మనిషి ఒకడు కావాలి, మీ కాలేజీలో అది నువ్వే.

ఇంకొకటి మర్చిపోకు. మీ మేనకోడలికి 17 నిండాయి కదా, ఓటరుగా పేరు చేర్చుకునే ఫారం 6 ఇప్పుడే ముందస్తుగా పెట్టించు. ఇదివరకులా జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలకి కూడా 18 నిండినవాళ్ళని చేరుస్తున్నారు. ఆధార్‌తో పాటు పుట్టినతేదీకి పదో తరగతి మార్కుల జాబితా జతచెయ్యమను. ఆన్‌లైన్‌లో కుదరకపోతే మీ వీధి బీఎల్ఓకి, అదే ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారికి, ఇచ్చినా సరిపోతుంది. పెట్టించాక నాకో ముక్క రాయి.

అమ్మకి నా నమస్కారాలు.

నీ
రాంబాబు