రెండున్నర శృతి

తెనాలి,
బుధవారం రాత్రి

చిట్టితల్లీ,

శ్రీరామనవమి నాటకాలకి ఎందుకు వెళ్ళలేదని మూడుసార్లు అడిగావు. మోకాళ్ళ నొప్పులన్నాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఫోన్లో చెప్పబోతే గొంతు పట్టేస్తుందని రాస్తున్నాను.

శివరాత్రికి కోటప్పకొండ దగ్గర ఒక ఊళ్ళో ఆడాం. మన నాటకాల సంగతి నీకు తెలిసిందే, ఒక్క రాత్రికి ముగ్గురు కృష్ణులు. పడక సీనుకి ఒకడు, రాయబారానికి ఒకడు, యుద్ధరంగంలో ఇంకొకడు. గోడపత్రిక మీద ఎవరి పేరు పెద్దక్షరాల్లో ఉంటే వాడిదే రాయబారం. పాతికేళ్ళు అది నాది. ఇప్పుడు నా శిష్యుడిది. నువ్వు చిన్నప్పుడు వాడి నెమలిపింఛం లాక్కుని ఏడిపించేదానివి, వాడే. నాకు ఈ రెండేళ్ళుగా పడక సీను ఇస్తున్నారు. ఊరికి ఆరువేలు. "చూశావా, జనం ఇంకా అడుగుతున్నారే" అని నీ దగ్గర ఎన్నిసార్లు గొప్పలు పోయానో!

ఆ రాత్రి సగం మొహానికి నీలం పూసుకున్నాను. ట్రంకుపెట్టె మీద కాంట్రాక్టరు చిట్టా పుస్తకం తెరిచి ఉంది. చదవకూడదు, చదివాను. నా పేరు ఎదురుగా గీత. వాడి పేరు ఎదురుగా అంకె, దాని కింద చిన్నగా, "ఇందులో ఆరు పెద్దాయనకి."

మిగతా సగం మొహం ఎవరు పూశారో గుర్తులేదమ్మా.

స్టేజి ఎక్కి మంచమ్మీద పడుకున్నాను. కపటనిద్ర. కళ్ళు సగం మూస్తే పక్కన కూర్చున్న హార్మోనిస్టు చేతులు కనిపిస్తాయి. ఇన్నేళ్ళలో ఎన్నడూ అటు చూడలేదు. నేను వయసులో అయిదు శృతిలో పాడినవాణ్ణి, ఇప్పుడు నాలుగుకి దిగానని నా లెక్క. అతని వేలు రెండున్నర మీద ఉంది. అడక్కుండానే దించేశాడు, ఎన్నాళ్ళుగానో. అదీ వాడే చెప్పి ఉంటాడని తట్టింది. డబ్బు సంగతి ఎలాగో మింగగలను. మొన్న మొన్నటిదాకా "గొంతు తగ్గలేదు" అని మురిసిపోయానే, అది మింగుడు పడలేదు.

పద్యాలు పాడాను. చప్పట్లు కూడా కొట్టారు. ఆరువేలూ వాడి మేకప్ పెట్టెలో పెట్టి, ఎవరికీ చెప్పకుండా నరసరావుపేట బస్టాండుకి వచ్చేశాను. చెవుల వెనక నీలం పోలేదు కాబోలు, కండక్టరు "కూర్చోండి స్వామీ" అని సీటిప్పించాడు.

ఇంత రోషం దేనికని నువ్వంటావు. వాడు మూడో కృష్ణుడుగా కొత్తగా వచ్చిన రోజుల్లో, చిలకలూరిపేట వైపు ఒక ఊళ్ళో జనం "ఒన్స్‌మోర్" అన్నప్పుడల్లా మళ్ళీ పాడుతూ పోయాను. కావాలనే పాడాను. వాడి వంతు వచ్చేసరికి తెల్లారింది. చాపలు చుట్టుకుపోతున్న వాళ్ళకి పాడాడు పాపం. ఆ మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి, నాలుగు తిట్టి, ఆ తర్వాత డబ్బిచ్చి ఉంటే పుచ్చుకునేవాణ్ణేమో.

ఇంకోటి ఉంది. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

మా గురువుగారు హరిశ్చంద్రుడు వేసేవారు. నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారే అయినా కాటిసీను వచ్చేసరికి జనం జాషువా గారి పద్యాలు అడుగుతారు, అవి పాడకపోతే దిగనివ్వరు. ఆయన పాడుతుంటే పందిట్లో చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపేసేవారు. పళ్ళు ఊడాక మాట తేలిపోయి పిలుపులు ఆగిపోయాయి. అప్పుడు నేను బాగా సంపాదిస్తున్నాను. గుడి కమిటీ వాళ్ళ చేత నెలనెలా "కళాకారుల సాయం" అని ఆయనకి డబ్బు పంపించాను. నా పేరు చెప్పొద్దన్నాను. ఎంత మంచివాణ్ణో అని నాకు నేనే పొంగిపోయాను.

అప్పటిదాకా నన్ను "ఒరేయ్ వెధవా, ఆ గమకం ఏమిట్రా" అనేవారు. ఆ తర్వాత ఎప్పుడో "బాబూ, మీరు బాగా పాడారు" అనడం మొదలుపెట్టారు. పెద్దవాణ్ణయ్యాను, గౌరవిస్తున్నారు అనుకున్నాను. ఆయన పోయేదాకా మళ్ళీ ఒక్క తప్పు కూడా దిద్దలేదు. తప్పులు లేకనా?

ఆయనకి తెలుసు. ఆ బస్సులో నరసరావుపేట దాటాక తట్టింది నాకు. నాకు కపటనిద్ర నేర్పింది ఆయనే, వాడికి నేర్పింది నేను.

వాడు నిన్న ఫోన్ చేశాడు. "గురువుగారూ" అన్నాడు. నా నోట్లోంచి "చెప్పండి" అని వచ్చింది. అండి! అటువైపు వాడు చాలాసేపు మాట్లాడలేదు. నేనే పెట్టేశాను.

నీకు కూడా వాడు ఫోన్ చేస్తుంటాడని మీ అమ్మ చెప్పింది. ఈ డబ్బు సంగతి నీకు ముందే తెలుసా అని నేను అడగను, నువ్వూ చెప్పకు. మళ్ళీ చేస్తే మాత్రం ఆదివారం నేను ఇంట్లోనే ఉంటానని చెప్పు. హార్మోనియం పెట్టె తెచ్చుకోమను. రాయబారంలో రెండో పద్యం దగ్గర వాడు ఊపిరి తప్పు చోట తీస్తున్నాడు, రెండేళ్ళుగా చూస్తున్నాను. చెబితే ఏమనుకుంటాడోనని ఊరుకున్నాను.

పిల్లలకి ముద్దులు. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ నాన్న