గుండె బొమ్మ గీసి చెప్పినవారికి, రక్తమిచ్చి వెళ్లినవారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా పాప ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. మొదటిరోజు బడి మెట్లెక్కి, నా వైపు తిరిగి చూడకుండా లోపలికి పరుగెత్తింది. పుట్టుకతోనే గుండెలో లోపాలుండి, రెండున్నరేళ్ల వయసులో పది అడుగులు వేస్తే ఆయాసపడి గొంతుక్కూర్చునే పిల్ల అలా పరుగెత్తిందంటే అందుకు కారణమైన వారిని పేరుపేరునా తలచుకోవాలి. చాలామంది పేర్లు నాకు తెలియవు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మొదట మా ఊరి అంగన్‌వాడీ టీచరుగారికి. పాప ఏడ్చినప్పుడు పెదవులు, గోళ్లు నీలంగా మారడం మేమూ చూశాం. అంతకుముందు చూపించిన ఒక వైద్యుడు చలివల్ల అలా అవుతుందని చెబితే నమ్మి ఊరుకున్నాం. ఆమె మాత్రం ఊరుకోలేదు. పిల్లలను పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చే రోజు గుర్తుపెట్టుకుని, పొలంలో ఉన్న మాకు కబురు పంపి మరీ పిలిపించారు. ఆ బృందంలోని డాక్టరుగారు పాప వేలికి ఆక్సిజన్ కొలిచే చిన్న క్లిప్పు తగిలిస్తే 74 శాతం కనిపించింది. మామూలు పిల్లల్లో అది 95కు పైగా ఉండాలట. పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ క్లిప్పుతో ఒక్కసారి చూసి ఉంటే మాకు ముందే తెలిసే అవకాశం ఉండేదని అప్పుడే అర్థమైంది.

తిరుపతిలోని శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయంలో ఎకో (గుండె స్కాన్) తీసిన డాక్టరమ్మగారికి నేను ఎక్కువ రుణపడి ఉన్నాను. ఆమె ఓపీ చీటీ వెనుక గుండె బొమ్మ గీసి, పాప గుండెలో నాలుగు లోపాలు కలిసి ఉన్నాయని వివరించారు. కింది రెండు గదుల మధ్య గోడకు రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి ఇరుకు, శరీరానికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని ఆ రంధ్రం మీదికి జరిగి ఉండటం, ఇరుకు దారిలోకి నెట్టీ నెట్టీ కుడి గది కండ మందం కావడం. దీన్ని టెట్రాలజీ ఆఫ్ ఫాలో అంటారు. ఊపిరితిత్తులకు చేరవలసిన చెడు రక్తం కొంత నేరుగా ఒంట్లోకి మళ్లడం వల్లే ఆ నీలం రంగు. గొంతుక్కూర్చున్నప్పుడు కాళ్ల రక్తనాళాలు నొక్కుకుని, శరీరం వైపు రక్తానికి అడ్డు పెరిగి, ఊపిరితిత్తుల వైపు ఎక్కువ రక్తం వెళ్తుందని చెప్పి, "మీ పాప తన వైద్యం తానే చేసుకుంటోంది" అన్నారు. అంతవరకు నేను దాన్ని మారాం అనుకుని కసిరిన రోజులున్నాయి. ఒళ్లు నీలమై ఏడుపు ఆగనప్పుడు మోకాళ్లను పొట్టకు ఆనించి పట్టుకుని వెంటనే ఆసుపత్రికి తేవాలని కూడా ఆమే నేర్పారు.

ఇంకొక మాటకు ఆమెకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయటికి వచ్చిందని మా ఇంట్లో నా భార్యను రెండేళ్లు నిందించారు. ఆ మాటను నేను ఒక్కసారైనా ఖండించలేదు. గుండె గర్భంలో మొదటి ఎనిమిది వారాల్లోనే రూపుదిద్దుకుంటుందని, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని, మేనరికం వల్ల ముప్పు కొంత పెరుగుతుంది కానీ చాలామంది పిల్లల విషయంలో ఫలానాదే కారణమని చెప్పలేమని డాక్టరమ్మగారు మా అమ్మ ఎదుటే నిదానంగా చెప్పారు. ఆ రోజు తర్వాత మా ఇంట్లో ఆ మాట వినబడలేదు.

2023 మార్చిలో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ జరిగింది. గుండెను ఆపి, ఆ పని యంత్రానికి అప్పగించి, రంధ్రానికి ప్యాచ్ వేసి, ఇరుకైన దారిని వెడల్పు చేశారు. 1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో లిల్లెహై అనే సర్జన్ ఇటువంటి పిల్లలకు ఆపరేషన్ చేసినప్పుడు, యంత్రానికి బదులు మరొక మనిషి, చాలాసార్లు కన్నతండ్రో తల్లో, పక్క బల్ల మీద పడుకుని తమ రక్తప్రసరణను బిడ్డకు కలిపేవారని తర్వాత చదివాను. బయట బెంచీ మీద ఐదు గంటలు కూర్చోవడమే నా వంతు అయిందంటే, ఆ బల్లల మీద పడుకున్న తల్లిదండ్రులకూ నేను రుణపడి ఉన్నట్టే.

ఐసీయూ నర్సులు, ముఖ్యంగా ఆరు వారాలు పాపను చంకల కింద పట్టి ఎత్తకూడదని, మెడ కింద ఒక చేయి, పిరుదుల కింద ఒక చేయి వేసి ఎలా ఎత్తాలో పదిసార్లు చేయించి చూపించిన సోదరి, నాకు తోబుట్టువు కంటే ఎక్కువ. ఇప్పుడు పాపకు ఆక్సిజన్ 98 ఉంటోంది. అయినా ఏటా ఎకోకు వెళ్తున్నాం, ఎందుకంటే ఊపిరితిత్తుల దారిలోని కవాటం లీకయి పెద్దయ్యాక మార్చవలసి రావచ్చని ముందే చెప్పారు. పుచ్చిన పంటి నుంచి కూడా గుండెకు ఇన్‌ఫెక్షన్ సోకవచ్చు కనుక పళ్లు కూడా శ్రద్ధగా చూసుకుంటున్నాం.

చివరిగా, ఆపరేషన్ ముందురోజు మదనపల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చి రక్తమిచ్చిన నలుగురు కాలేజీ కుర్రాళ్లకు. నేను మందుల చీటీతో తిరిగి వచ్చేసరికి మీరు వెళ్లిపోయారు. టీ కూడా ఇప్పించలేకపోయాను, పేర్లయినా అడగలేకపోయాను. మీలో ఎవరైనా ఇది చదివితే ఒక్క మెసేజ్ పెట్టండి. మా ఇంటికి భోజనానికి రండి, మా పాపను మీకు చూపించాలి.