చెప్పేవాళ్లు లేని జీఐఎస్ మైనర్

సంపాదకుడు గారికి,

డిగ్రీ పిల్లలకు జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు తయారుచేసే విద్య) మైనర్‌గా, అంటే మేజర్ అనే ప్రధాన సబ్జెక్టుకు తోడు సబ్జెక్టుగా, వచ్చిందంటూ పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో డ్రోన్ ఫొటోతో సహా వేశారు. సంతోషం. ఆ డ్రోన్ ఎవరిదో, ఫొటో అయ్యాక ఎక్కడికి పోయిందో కూడా కనుక్కుని రాయాల్సింది.

మన రాష్ట్రంలో 2023-24 నుంచి ఒక మేజర్, ఒక మైనర్ పద్ధతి పెట్టారు కదా, మా మనవరాలు వేరే కాలేజీలో కంప్యూటర్ సైన్స్ మేజర్‌తో ఇదే మైనర్ తీసుకుంది. చెప్పడానికి ఎవరూ లేరు. కొన్నాళ్లు జియాలజీ సార్ వచ్చారు, తర్వాత ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లొచ్చి పీపీటీ చదివేసి వెళ్లారు. ల్యాబ్ ఏదండీ అంటే సాఫ్ట్‌వేర్ లైసెన్సుకి బడ్జెట్ లేదట! క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్ ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు, హైదరాబాద్ ఎన్ఆర్ఎస్సీ (ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల పటాల వెబ్‌సైట్ భువన్ 2009 నుంచి నెట్‌లోనే ఉంది, పది మీటర్ల స్పష్టత ఉన్న సెంటినెల్ ఉపగ్రహ చిత్రాలకు పైసా కట్టక్కర్లేదు. వీటికి ఏ బడ్జెట్ కావాలో ప్రిన్సిపాల్ గారే చెప్పాలి. రికార్డు మాత్రం పక్కాగా ఉండాలట, పిల్లలు ఎవరి దగ్గరో స్క్రీన్‌షాట్లు అడిగి అతికించుకున్నారు, మార్కులూ పడ్డాయి.

నేను గొలుసు, క్రాస్ స్టాఫ్ (లంబకోణం చూసే కర్ర) పట్టుకుని పొలాలు కొలిచినవాణ్ణి. ఇది పీపీటీతో వచ్చే విద్య కాదని చెప్పే హక్కు నాకుంది. భూమిని ఆరేసి డిగ్రీల నిలువు జోన్లుగా విడగొట్టే యూటీఎం కొలత పద్ధతిలో అనంతపురం 43వ జోన్, విజయవాడ 44, ఇచ్ఛాపురం 45. ఈ సంగతి తెలియని కుర్రాడు 43 అని ఉండాల్సిన చోట 44 అని పెట్టాడంటే అనంతపురం రైతు చేను ఆరు డిగ్రీలు తూర్పుకి జరిగి బంగాళాఖాతంలో తేలుతుంది. అంత దూరం పోతే ఎవరైనా పట్టుకుంటారు, నాలుగడుగులు జరిగితేనే అసలు తంటా, గట్టు దగ్గర కర్రలు లేస్తాయి.

అవసరం లేకనా అంటే, 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు, రోవర్లు (ఉపగ్రహ సంకేతాలతో హద్దులు కొలిచే పరికరాలు) అన్నీ దింపారు. ఆ రోవర్లు సెంటీమీటర్లలో లెక్క చెబుతాయి, మరి చాలా ఊళ్లలో విస్తీర్ణం తగ్గిందన్న అర్జీలెందుకు, నలుగురైదుగురు రైతుల్ని ఒకే భూపటంలో కలిపేసిన జాయింట్ ఎల్పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్)లెందుకు? హద్దురాయి మీద, పాస్‌బుక్ మీద ఎవరి బొమ్మ ఉండాలన్నదాని మీద పెట్టిన శ్రద్ధలో సగం కొలిచేవాళ్ల చదువు మీద పెట్టారా? ఒకరు బొమ్మ వేయించారు, ఇంకొకరు చెరిపించారు, రైతు మాత్రం తహసీల్దారు ఆఫీసు వరండాలోనే ఉన్నాడు. ఢిల్లీలో 2022లో జాతీయ జియోస్పేషియల్ పాలసీ అని ఘనంగా ప్రకటించారు, ఇక్కడ మైనర్ క్లాసు కూడా నడవదు.

ప్రతి జిల్లాలో నాలాంటి రిటైరైన సర్వేయర్లు ఖాళీగా ఉన్నారు. గౌరవ వేతనం ఇవ్వకపోయినా పర్లేదు, పిల్లల్ని ఒక రోవరిచ్చి పొలంలోకి పంపితే వెంట వస్తాం. ఈలోగా వచ్చే అడ్మిషన్లకైనా ప్రాస్పెక్టస్‌లో ఈ మైనర్ ఎదురుగా చెప్పేవాళ్ల పేరు, ల్యాబ్ గంటలు అచ్చు వేయమనండి. ల్యాబ్ తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా.

– ఒక విశ్రాంత సర్వేయరు, తెనాలి