కోరంగి రేవును ముంచింది ఒక్క ఉప్పెన కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. నవంబరు వస్తే చాలు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు మీదికి 1839లో వచ్చిన ఉప్పెన గురించి పత్రికల్లోనూ ఫోన్లలోనూ ఒకటే కథ తిరుగుతుంది. నలభై అడుగుల అల వచ్చిందనీ, 20,000 ఓడలు పోయాయనీ, 3 లక్షల మంది చచ్చిపోయారనీ, తెల్లారేసరికి రేవే లేకుండా పోయిందనీ. మా పిల్లలు ఇది చదివి కోరంగి అంటే సముద్రంలో మునిగిపోయిన ఊరనుకుంటున్నారు. ఈ పక్కనే పుట్టి పెరిగినవాడిగా నాకది బాధగా ఉంది. ఆ నవంబరు 25న జరిగిన ఘోరాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ కోరంగికి ఆ ఉప్పెనకు ముందూ బతుకుంది, తర్వాతా బతుకుంది.

ముందు ఆ అంకెల సంగతి. కోరంగి ఎంత పెద్ద రేవైనా 3 లక్షల మంది కాపురమున్న పట్నం కాదు. 20,000 ఓడలు లంగరు వేయడానికి ఆ పాయ సరిపోదు. నాటుపడవలూ తెప్పలూ అన్నీ కలిపి లెక్కేసినా నాకు నమ్మబుద్ధి కాదు. అంతకు యాభై ఏళ్ళ ముందు, 1789 డిసెంబరులో, ఇదే కోరంగి మీదికి వరసగా మూడు ఉప్పెన కెరటాలు వచ్చాయి. తుపానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ దాని గురించి రాశాడు. అప్పుడు చనిపోయినవాళ్ళు 20,000 మంది అంటారు. ఒక ఉప్పెన అంకె ఇంకో ఉప్పెనకు అంటుకుందేమోనని నా అనుమానం. మీ పత్రికైనా ఈ అంకెలు వేసేటప్పుడు పక్కన ‘అంటారు’ అనే మాట చేర్చాలని కోరుతున్నాను.

అసలు చెప్పుకోవలసింది 1789లో అంత దెబ్బ తిన్నాక కూడా కోరంగి మళ్ళీ లేచి నిలబడిందన్న సంగతి. ఎందుకు నిలబడింది? గౌతమి పాయలు సముద్రంలో కలిసే చోట, నైరుతి గాలుల దెబ్బ తగలకుండా ఓడ ఆగడానికి వీలైన నీళ్ళు ఇక్కడున్నాయి. చొల్లంగి అమావాస్యకు, గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర మొదలుపెట్టేవాళ్ళకు, ఆ కలిసే చోట్లు, అంటే ఈ మొగలన్నీ తెలుసు. తుల్యభాగ పాయ చొల్లంగిలో, ఆత్రేయ పాయ కోరంగిలో సముద్రంలో కలుస్తాయి. గోదావరి మీద పై అడవుల నుంచి టేకు తెప్పలు కట్టుకుని వచ్చేది. ఓడ కట్టే వడ్రంగులూ, తెరచాప పని తెలిసిన కళాసీలూ ఊళ్ళోనే ఉండేవారు. అందుకే బంగాళాఖాతంలో దెబ్బతిన్న పెద్ద ఓడలు బాగుచేయించుకోవడానికి ఇక్కడికే వచ్చేవి. కలకత్తాకూ ట్రింకోమలీకీ మధ్య అలాంటి చోటు ఇంకోటి లేదని దొరల కాలం రికార్డులే చెబుతున్నాయి. చుట్టూ యానాంలో ఫ్రెంచివాళ్ళు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు, జగన్నాథపురంలో డచ్చివాళ్ళు. అందరికీ కావలసింది మన సాలీలూ దేవాంగులూ నేసిన బట్టే.

ఆ బట్ట వ్యాపారమే ముందు పడిపోయింది. మాంచెస్టరు మిల్లు గుడ్డ వచ్చింది. 1833 చట్టంతో ఈస్టిండియా కంపెనీ వ్యాపారమే మానేసింది. ఉప్పెన వచ్చేనాటికే కోరంగి ఆదాయం దెబ్బతిందని గుర్తుంచుకోవాలి. మరోవైపు గోదావరి ఒండ్రు ఏడాదికేడాది మొగల్లో మేట వేస్తూనే ఉంది. పాయ లోతు తగ్గిపోయి పెద్ద ఓడ లోపలికి రాలేకపోయింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలు తవ్వారు. డెల్టా ధాన్యం కాలువ పడవల్లో నేరుగా కాకినాడ చేరుతుంటే కోరంగి దాకా ఎవరొస్తారు? 1861–65లో అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తికి గిరాకీ పెరిగింది. ఆ డబ్బంతా కాకినాడకే చేరింది. అదే ఒండ్రుతో పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఇవాళ కాకినాడ రేవుకు అడ్డుగోడగా నిలబడింది. ఒక రేవును పూడ్చింది, ఇంకో రేవును కాస్తోంది.

రేవు పోయినా పేరు పోలేదు. కాకినాడ నుంచి స్టీమర్లలో రంగూను వెళ్ళి రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ చాకిరీ చేసిన తెలుగువాళ్ళందరినీ బర్మావాళ్ళు కోరంగీలనే పిలిచారు. 1930 మేలో రంగూను రేవు గొడవల్లో దెబ్బలు తిన్నది ఎక్కువగా వాళ్ళే. 1942లో జపాను బాంబులకు కట్టుబట్టలతో నడిచి వచ్చినవాళ్ళలోనూ వాళ్ళున్నారు. మా చుట్టుపక్కల చాలా ఇళ్ళలో రంగూను తాతల కథలున్నాయి. పెట్టె అడుగున ఫొటోలో, ఉత్తరాలో ఉన్నాయి. చెప్పే పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు.

ఇప్పుడు కోరంగికి వచ్చే పర్యాటకులు మడ అడవులు చూసి, పడవెక్కి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళు చూస్తున్న మడ పెరిగింది రేవును పూడ్చిన ఒండ్రు మీదే. ఆ సంగతి అక్కడే, తెలుగులో, పాత నావికుల పటాలతో సహా చూపించే ఒక చిన్న ప్రదర్శనశాల కట్టాలి. 1839 పక్కన 1789నీ, 1996 నవంబరు 6 తుపానునీ పెట్టాలి. ఆ రోజు భైరవపాలెం, బలుసుతిప్ప మత్స్యకారులు ఎంతమంది వేటకెళ్ళి తిరిగి రాలేదో మేమెవరం మరవలేదు. తాళ్ళరేవులో ఇంకా చెక్కపడవ కట్టే చేతులున్నాయి. వాళ్ళ పని పద్ధతిని వీడియో తీసి భద్రపరచాలి.

ఇది పాతకథ మీద మోజుతో అడుగుతున్నది కాదు. ఉప్పాడలో సముద్రం ఇళ్ళను కోసుకుపోతోంది. తీరం వెంట కొత్త జెట్టీలూ రోడ్లూ అంటున్నారు. ఈ తీరంలో ఇసుక ఎటు కదులుతుందో, ఎక్కడ మేట వేస్తుందో కోరంగి పాత పటాలూ ఇప్పటి పటాలూ పక్కపక్కన పెడితే కనబడుతుంది. జెట్టీకి చోటు ఎంచేవాళ్ళు ఆ పని ముందు చేయాలి. మీ పత్రిక ఈ నవంబరులో ఉప్పెన కథనంతో పాటు రేవు పూడిక కథ కూడా వేయాలనీ, రంగూను కుటుంబాల దగ్గరున్న ఫొటోలనూ ఉత్తరాలనూ పాఠకుల నుంచి ఆహ్వానించాలనీ మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు,
తాళ్ళరేవు