తాత తెచ్చిన అరటిచెట్టు నోట్లు

సంపాదకులకు నమస్కారం.

పాత నోటుంటే లక్షలొస్తాయని ఫోన్లలో తిరిగే వీడియోల గురించి మీ పత్రికలో గట్టిగా రాయండి. పోయిన నెల పాకాలలో ఉండే మా చిన్నాన్న కొడుకు అలాంటిదొకటి చూసి, మా తాత తెచ్చిన జపాన్ నోట్ల ఫొటో పంపాడు. రెండో రోజే ఫోన్ వచ్చింది. పదకొండు లక్షలిస్తాం, రిజర్వ్ బ్యాంకు పర్మిషన్ కూడా వచ్చేసింది, ముందు రిజిస్ట్రేషన్‌కు 2,500 కట్టండి అన్నారట. కట్టేశాడు. మళ్ళీ ట్యాక్స్ పేరు చెప్పి ఎనిమిది వేలు అడిగితే అప్పుడు టెన్షన్ పడి నా దగ్గరికొచ్చాడు. ఇలాంటి లావాదేవీలతో మాకు సంబంధం లేదు, మా పేరు మీద డబ్బు వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదు అని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది, కానీ ఆ మాట మన పల్లెలదాకా రాలేదు.

2,500 పోతే పోయింది. నాకు గుండె ఆగినంత పనైంది ఎక్కడంటే, అసలు నోట్లను కొరియర్‌లో పంపమన్నారని వాడు కవర్లో పెట్టి అడ్రసు కూడా రాసేశాడు.

ఆ నోట్లు ఏమిటో చెప్తాను. మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ లారీ డ్రైవరు. ఇంఫాల్ మీదుగా బర్మాలోకి వెళ్ళి, తర్వాత 1945 సెప్టెంబరులో ఓడెక్కి మలయాలో (ఇప్పటి మలేషియాలో భాగం) దిగాడు. అప్పటికి జపాన్ లొంగిపోయింది. అంతకుముందు మూడున్నరేళ్ళు అక్కడ జపాన్ వాళ్ళు అచ్చేసిన డాలర్లే చెలామణి అయ్యాయి. పది డాలర్ల నోటు మీద గెల వేసిన అరటిచెట్టు, నోటు వెనకవైపు సముద్రంలో దూరంగా ఓడ. అందుకే జనం వాటిని అరటి నోట్లన్నారు. మా దగ్గరున్నవాటికి నంబరు కూడా లేదు, ఎం అని మొదలయ్యే రెండక్షరాలు, అంతే. లెక్కాపత్రం లేకుండా అచ్చేసుకుంటూ పోయారు, బ్రిటిష్ వాళ్ళు తిరిగొచ్చి చెల్లవు అనేసరికి ఉత్త కాగితాలైపోయాయి.

తాతకు వాటిని ఇచ్చింది ఒక రబ్బరు తోటలో పనిచేసే తెలుగు తల్లి. మన భాష వినపడిందని లారీ ఆపితే, ఇంట్లోకి పిలిచి గంజి పోసిందట. ఆమె కొడుకును జపాన్ వాళ్ళు సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రైలు దారి పనికి తోలుకుపోయారు, మళ్ళీ రాలేదు. తోటల్లోని తమిళులు, తెలుగువాళ్ళు వేలమంది అలా వెళ్ళి అక్కడే చచ్చిపోయారు. పెట్టెలో దాచుకున్న కూలిడబ్బు మొత్తం ఆమె తాత చేతిలో పెట్టి, "ఇంటికి పోతే పిల్లోళ్ళకియ్యి నాయనా, ఆడుకుంటారు" అందట. మేం నిజంగానే ఆడుకున్నాం. అంగడి ఆటలో బొరుగులు కొన్నాం వాటితో. ఎన్నో చినిగిపోయాయి, ఇప్పుడు మిగిలినవి తొమ్మిది.

అందులో ఒకటి మా నాన్న భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయించాడు. ఇప్పుడది లోపలే పసుపు తిరిగి, మడత దగ్గర బుడగ లేచింది, ప్లాస్టిక్ పీకితే అరటిచెట్టు కూడా ఊడొచ్చేస్తుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, సెల్లోటేపు కూడా అంటించకండి. మంచి తెల్లకాగితం మడతలో పెట్టి, తడి తగలని చోట ఉంచితే చాలు. జపాన్ వాళ్ళు కుప్పలుగా అచ్చేసినవి కాబట్టి ఈ మామూలు నోట్లకు ఎవరూ లక్షలివ్వరు, ఇస్తామన్నవాడు మోసగాడే.

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఇలాంటి ట్రంకుపెట్టెలు ఇంకా ఉన్నాయి. డిశ్చార్జి బుక్కు, మెడల్, ఇటలీ లీరా, బర్మా రూపాయి, ఏదో ఒకటి. ఎవరు తెచ్చారో, ఎక్కడ ఎవరి చేతినుంచి తీసుకున్నారో తెలిసినవాళ్ళు ఎనభై దాటినవాళ్ళు. మేమూ ఆ తోట పేరు, ఆ తల్లి పేరు తాతను అడగలేదు, ఆయన పోయి ముప్పై ఏళ్ళయింది.

మీ జిల్లా పేజీలో వారానికొక ఫొటో, కింద నాలుగు వాక్యాలు, అంత చోటివ్వండి. మొదటి ఫొటో నేను పంపుతాను.

– ఒక రిటైర్డ్ టీచరు, తిరుపతి